చామనఛాయ మొహం ఆయిల్ పెయింట్‌లో వేయాలంటే

మన ఆడవాళ్ల పోర్ట్రెయిట్‌లో పోలిక కంటే ముందు దెబ్బతినేది ఒంటి రంగు. ముక్కు, కళ్లు చక్కగా కుదిరినా చర్మం మాత్రం బూడిద పూసినట్టు కనిపిస్తుంది. చాలాసార్లు తప్పు ఒక్కటే: వెలుగు కోసం తెల్లరంగు ఎక్కువ కలపడం.

హైదరాబాద్‌లో ఉంటే ముందు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి రాజా రవివర్మ బొమ్మల ముందు తీరిగ్గా నిలబడండి. చెంప మీద వెలుగు ఆగి నీడ మొదలయ్యే చోట ఏ రంగు ఉందో చూడండి. ఆ తర్వాత చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన ముగ్గురమ్మాయిల బొమ్మ మంచి ప్రింట్ దొరికితే పక్కన పెట్టుకోండి. చామనఛాయను తెల్లబరచకుండానే అందం చూపించొచ్చని నమ్మకం కుదరడానికి ఆ ఒక్క బొమ్మ చాలు.

కాన్వాస్ 16×20 అంగుళాలు సరిపోతుంది. తల ఎత్తు ఆరేడు అంగుళాలు ఉండనివ్వండి. కూర్చున్నవారి మొహం మీద ఒకే కిటికీ వెలుగు పడాలి, అది ఉత్తరపు కిటికీ అయితే మేలు. ఎదురింటి గోడ మీద ఎండ పడే వేళకి వెలుగు పచ్చబడిపోతుంది కాబట్టి రోజూ అదే రెండు గంటలు ఎంచుకోండి. ఇరవై నిమిషాలకోసారి ఐదు నిమిషాలు విరామం ఇవ్వండి. కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గుర్తు పెట్టకపోతే మర్నాడు నీడలన్నీ మారిపోతాయి.

తెల్లటి కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టొద్దు. బర్న్ట్ సియెన్నాను (ఎర్రటి మట్టిరంగు) టర్పెంటైన్‌తో పల్చగా చేసి పూసి, గుడ్డతో తుడిచేయండి. ఆరాక బొగ్గుతో గీయండి. మొహం పక్కకి తిరిగి ఉంటే బొట్టే మీ కొలబద్ద. బొట్టు, ముక్కుకొన, గడ్డం మధ్యభాగం ఒకే వంపులో పడాలి. తిరిగిన నుదుటి మీద గుండ్రటి బొట్టు కాస్త కోలగా కనిపిస్తుంది. దాన్ని పూర్తి గుండ్రంగా వేస్తే మొహానికి అతికించినట్టు ఉంటుంది.

ఇక రంగులు. టైటానియం వైట్, యెల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు), కాడ్మియం రెడ్, అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), బర్న్ట్ సియెన్నా, రా అంబర్ (ముదురు మట్టిరంగు), అల్ట్రామెరీన్ బ్లూ. ఈ ఏడూ చాలు, నలుపు అక్కర్లేదు. ప్యాలెట్ నైఫ్‌తో, అంటే రంగులు కలిపే మొద్దు కత్తితో, మూడు ముద్దలు ముందే కలిపి పెట్టుకోండి. నడిమి రంగుకి సియెన్నా రెండు వంతులు, ఓకర్ రెండు వంతులు, తెలుపు ఒక వంతు, చిటికెడు కాడ్మియం రెడ్. ఇది ఉసిరికాయంత ఉండాలి. నీడకి సియెన్నా రెండు వంతులు, అల్ట్రామెరీన్ ఒక వంతు, అర వంతు అలిజరిన్. వెలుగుకి నడిమి రంగులోంచి కొంత తీసి ఓకర్, తెలుపు సమానంగా కలపండి. ఒట్టి తెలుపే కలిపితే రంగు వేడి చచ్చి సుద్దలా మారుతుంది. అలా మారిందా, రవ్వంత ఎరుపు, కాస్త ఓకర్ వేస్తే మళ్లీ ప్రాణం వస్తుంది. ఎవరి ఛాయ వారిది కాబట్టి ఈ పాళ్లు మొదలు మాత్రమే. నైఫ్ కొసన రంగు పట్టి, చెంప మీద పడే వెలుగే దాని మీదా పడేలా పట్టుకుని పోల్చుకోండి.

చామనఛాయలో మెరుపు చిన్నదే గానీ గట్టిగా ఉంటుంది. కిటికీ వెలుగులో అది కాస్త నీలంగా కనిపిస్తుంది. అందుకే తెలుపులో చిటికెడు అల్ట్రామెరీన్ కలిపి ముక్కుకొన మీద, నుదుటి మీద ఒక్కో చుక్క పెట్టి వదిలేయండి. రుద్దితే పోతుంది.

కంటి తెలుపు తెల్లగా ఉండదు, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది. కాటుకని అంబర్, అల్ట్రామెరీన్ కలిపి వేయండి. కింది గీత మెత్తగా కరిగిపోవాలి, లేకపోతే ఆటబొమ్మ కళ్లవుతాయి. జుట్టు నుదుటిని తాకే చోట రెండు రంగులూ తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో ఒకసారి లాగండి.

చీరకి ముందు మడతలు, తర్వాతే డిజైన్. పోచంపల్లి ఇక్కత్‌లో డిజైన్ అంచు ఎప్పుడూ చెదిరినట్టే ఉంటుంది. దాన్ని గీత గీసినట్టు వేస్తే ప్రింట్ చీర అయిపోతుంది. తడి మీదే వేసి, పొడి ఫ్లాట్ బ్రష్‌తో నేత దారం దిశలో కొద్దిగా లాగండి. మడత వచ్చిన చోట డిజైన్ తెగాలి. జరీకి బంగారు రంగు ట్యూబు వాడొద్దు, మిగతా రంగుల మధ్య అది చదునుగా అతుక్కుని ఉంటుంది. ఓకర్, అంబర్ కలిపిన ముదురు పట్టీ మీద ఓకర్, తెలుపు కలిపిన చుక్కలు అక్కడక్కడా పెట్టండి. మెరిపించేది పక్కనున్న ముదురే.

కింది పొరలకి టర్పెంటైన్, పైకి వెళ్లేకొద్దీ అవిసె నూనె పాలు పెంచండి. ఈ వరస తిరగేస్తే పైపొర ముందు గట్టిపడి, కిందిది ఇంకా కదులుతూ పైదాన్ని పగలగొడుతుంది. అంబర్ త్వరగా ఆరుతుంది, అలిజరిన్ చాలా ఆలస్యం, అందుకే దాన్ని కింద దళసరిగా వేయొద్దు. వానాకాలంలో ఆరడం ఇంకా నెమ్మదిస్తుంది. తొందరపడి ఎండలో పెట్టొద్దు. గోడకి ఆనించకుండా వెనక గాలి ఆడనివ్వండి, లేకపోతే కాన్వాస్ వెనక బూజు పడుతుంది. వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగాలి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: అవిసె నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు, మన ఏప్రిల్, మే నెలల్లో మరీను. నీళ్లలో ముంచి, విప్పి, ఆరుబయట విడివిడిగా పరచండి.