ఆర్‌పీజీ పుస్తకం ప్రచురణలో చిక్కులు: సమస్య - పరిష్కారం

నవలను ఒక్కరే కూర్చుని చదువుకుంటారు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆర్‌పీజీ), అంటే పాత్రలు పోషిస్తూ కలిసి కథ నడిపే ఆట, దాని పుస్తకం సంగతి వేరు. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, ఆట మంచి ఊపులో ఉండగా ఒక్క నియమం కోసం గబగబా పేజీలు తిప్పుతారు. అది చదివే పుస్తకమే కాదు, ఆడేటప్పుడు వాడే పనిముట్టు కూడా. ప్రచురణలో వచ్చే ఇబ్బంది ఒకచోట కనబడితే, దాని మూలం చాలాసార్లు రెండు మూడు దశల వెనక ఉంటుంది. అందుకే లక్షణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్దాం.

కొన్నవాళ్లందరూ ఒకే సందేహం అడుగుతున్నారు

ప్లేటెస్ట్ (విడుదలకు ముందు ఆడి చూడటం) బాగానే జరిగి ఉంటుంది. కానీ ప్రతి ఆటలోనూ ఆటను నడిపించే గేమ్ మాస్టర్ కుర్చీలో రచయితే కూర్చుని ఉంటారు. పుస్తకంలో రాయడం మర్చిపోయిన నియమాన్ని మనకు తెలియకుండానే నోటితో చెప్పేస్తాం. ఆటగాళ్లకు అర్థమైందంటే అది మన మాట వల్ల, పుస్తకం వల్ల కాదు.

దీనికి మందు బ్లైండ్ ప్లేటెస్ట్. మీ ఆట ఎప్పుడూ ఆడని బృందానికి ఫైలు ఇచ్చి, మీరు పక్కకు తప్పుకోవాలి. సందేహం వస్తే మీకు ఫోన్ చేయొద్దని, ఏ పేజీలో వెతికారో, చివరికి ఏం తేల్చుకున్నారో రాసిపెట్టమని ముందే చెప్పండి. రెండు వేర్వేరు బృందాలు ఒకేచోట ఆగిపోతే, ఆ పేరాను సవరిస్తే సరిపోదు, తిరగరాయాలి. నియమం ఉన్నా దొరకడం లేదంటే తప్పు రాతలో లేదు, అమరికలో ఉంది. అప్పుడు చివర మంచి అకారాది సూచిక, లోపల పేజీ నంబర్లు, పీడీఎఫ్‌లో బుక్‌మార్కులు పెట్టాలి. ఈ పని విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఆట మధ్యలో పుస్తకం తెరిచేవాళ్లకు మనం చేయగల అతి పెద్ద మేలు ఇదే.

అమ్మడం మొదలయ్యాక లైసెన్స్ టెన్షన్ పట్టుకుంది

వేరే ఆట నియమాల మీద కట్టిన పుస్తకాల్లో ఇది మామూలే. మొదట ఎవరి మాటలు వాడుకున్నారో, ఏ అనుమతి కింద వాడుకున్నారో చూడండి. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే ప్రసిద్ధ ఆర్‌పీజీ మూల నియమాల పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1 ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ బీవై 4.0 కింద విడుదల చేశారు. అందులో ఉన్నదాన్ని, అడిగిన విధంగా మూలాన్ని పేర్కొని, అమ్మే పుస్తకంలోనూ వాడుకోవచ్చు. అందులో లేని ప్రపంచాలు, పాత్రలు, జీవులకు ఆ అనుమతి వర్తించదు. డీఎమ్స్ గిల్డ్ అనే ఆన్‌లైన్ అమ్మకాల వేదికలో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ప్రపంచాలను వాడుకోనిస్తారు. బదులుగా రాబడిలో సగమే రచయితకు వస్తుంది, ఆ రచనను ఇంకెక్కడా అమ్మకూడదు. సొంతంగా ప్రచురించాలనే ఆలోచన ఉంటే ఆ దారిలోకి వెళ్లేముందే తేల్చుకోండి.

పీడీఎఫ్ అమ్ముడుపోవడం లేదు

ధర తగ్గించే ముందు రెండు అంకెలు చూడండి: అమ్మకపు వెబ్ పేజీని ఎంతమంది చూశారు, ఎంతమంది కొన్నారు. చూసినవాళ్లే తక్కువైతే పుస్తకం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. చాలామంది చూసి వెళ్లిపోతుంటే ఆ పేజీయే వాళ్లను ఆపలేకపోతోంది. చాలా వివరణలు కల్పిత ప్రపంచపు వెయ్యేళ్ల చరిత్రతో మొదలవుతాయి. కొనేవాళ్లకు కావలసింది మాత్రం వేరు: ఈ ఆటలో మనం ఎవరం, ఏం చేస్తాం, ఎంతమంది కావాలి, ఎన్ని గంటలు పడుతుంది. ఇవి మొదటి నాలుగు వాక్యాల్లో రావాలి. నమూనా పేజీలుగా ముందుమాట కాకుండా అసలు నియమాలున్న పేజీలు చూపించండి. ఒక సాయంత్రం ఆడుకోగలిగే చిన్న పరిచయ భాగాన్ని (క్విక్‌స్టార్ట్) ఉచితంగా ఇవ్వండి.

ప్రూఫ్ కాపీలో బొమ్మలు నల్లబడ్డాయి, అంచులు తెగాయి

తెర వెలుగుతుంది, కాగితం వెలగదు. ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతి) గీసిన చీకటి గుహ సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నాలుగు సిరాల పద్ధతి) మారి, కాగితం మీదికి వచ్చేసరికి ముద్దైపోతుంది. డ్రైవ్‌త్రూఆర్‌పీజీ అనే ఆన్‌లైన్ దుకాణపు ప్రింట్ ఆన్ డిమాండ్‌కు (ఆర్డర్ వచ్చాకే కాపీ అచ్చువేయడం) ఒకేచోట పడే నాలుగు సిరాల మొత్తం, ఒక్కోటి 100 శాతం దాకా లెక్కేస్తే, 240 శాతం దాటకూడదు. వచనాన్ని నలుపు ఒక్క సిరాతోనే పెట్టండి. బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఉండాలి. అంచు దాకా వెళ్లే బొమ్మకు చుట్టూ దాదాపు 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలాలి. పుస్తకం వెన్ను మందం పేజీల సంఖ్యను, కాగితాన్ని బట్టి మారుతుంది కాబట్టి అట్టను అన్నిటికన్నా చివర పూర్తిచేయండి. అచ్చు ప్రూఫ్ చేతిలో పట్టుకుని చూడకుండా ఎప్పుడూ ఆమోదించవద్దు.

క్రౌడ్‌ఫండింగ్ గెలిచింది, డబ్బు మాత్రం మిగల్లేదు

క్రౌడ్‌ఫండింగ్ అంటే పుస్తకం రాకముందే చాలామంది దగ్గర కొద్దికొద్దిగా డబ్బు సేకరించడం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సమస్య ఇది. ఎంతో మంచి ఆటలు, ఎంతో నిజాయితీగల రచయితలు ఇక్కడే అలసిపోతారు. మూలం దాదాపు ఎప్పుడూ ఒకటే: రాత పూర్తికాకముందే డబ్బు అడగడం. పేజీలు తేలకపోతే కాగితం తేలదు, కాగితం తేలకపోతే బరువు తేలదు, బరువు తేలకపోతే తపాలా ఖర్చు ఎవరూ చెప్పలేరు.

దాని మీద స్ట్రెచ్ గోల్స్ (అనుకున్నదానికన్నా ఎక్కువ డబ్బు వస్తే ఇస్తామనే అదనపు హామీలు) వచ్చి పడతాయి. ఇంకాస్త డబ్బు వస్తే ఒక అధ్యాయం కలుపుతామని ఉత్సాహంలో మాట ఇచ్చేస్తాం. ఆ అధ్యాయం 32 పేజీలనుకుంటే, రాత, ఎడిటింగ్, బొమ్మలు, లేఅవుట్, అచ్చు, బరువు అన్నీ పెరుగుతాయి. తపాలా ధరలు బరువు శ్లాబుల్లో ఉంటాయి. శ్లాబు దాటితే కొద్ది గ్రాములకే ప్రతి పార్సిల్ మీదా దెబ్బ పడుతుంది. క్రౌడ్‌ఫండింగ్ వేదిక కిక్‌స్టార్టర్ సేకరించిన డబ్బులో 5 శాతం తీసుకుంటుంది, చెల్లింపుల రుసుము వేరు. షిప్పింగ్‌ను ప్రచారంలోనే వసూలు చేస్తే ఆ డబ్బు మీద కూడా ఈ రుసుములు పడతాయి.

కాబట్టి రాత, ఎడిటింగ్ పూర్తయ్యాకే ప్రచారం మొదలుపెట్టండి. అదే కాగితం, అదే బైండింగ్‌తో ఖాళీ డమ్మీ కాపీ చేసి ఇవ్వమని ప్రెస్‌ను అడగండి. దాన్ని అట్టపెట్టెలో పెట్టి మరీ తూకం వేయండి. షిప్పింగ్‌ను పంపే సమయానికి విడిగా వసూలు చేస్తామని మొదటిరోజే చెప్పండి. ఐరోపా సమాఖ్య 2021 జూలైలో 22 యూరోల లోపు సరుకుకున్న వ్యాట్ మినహాయింపును తీసేసింది. అక్కడికి పంపే పుస్తకం ఎంత చిన్నదైనా పన్ను లెక్కలోకి రావాలి. స్ట్రెచ్ గోల్ పెట్టాలనిపిస్తే చిత్రకారులకు ఎక్కువ పారితోషికం ఇవ్వడం వంటివి ఎంచుకోండి. వాటివల్ల పుస్తకం బరువు పెరగదు.

ఇప్పటికే ఇరుక్కుంటే? పూర్తయిన పీడీఎఫ్‌ను డబ్బు ఇచ్చినవాళ్లకు ముందు పంపించేయండి. వాళ్లు పట్టుకునే తప్పులు అచ్చుకు ముందే దిద్దుకోవచ్చు. ఆలస్యమైతే కారణం, కొత్త తేదీ రెండూ దాచకుండా చెప్పండి.

దుకాణాల నుంచి ఆర్డర్ వచ్చింది, ప్రతి కాపీకీ నష్టమే

దుకాణాలకు పుస్తకాలు చేర్చే డిస్ట్రిబ్యూటర్ సాధారణంగా అట్ట మీది ధరలో 40 శాతం ప్రాంతంలో చెల్లిస్తారు. ధర 1000 అయితే మీకు 400. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో కాపీకి 350 అయితే మిగిలే 50 లోంచే రవాణా, బొమ్మలు, మీ శ్రమ అన్నీ రావాలి. ధర అచ్చు ఖర్చుకు కనీసం ఐదు రెట్లు ఉంటేనే ఈ దారి నిలబడుతుంది. అంటే ఎక్కువ కాపీలు ఒకేసారి ఆఫ్‌సెట్ అచ్చులో వేయించాలి, అప్పుడు కాపీకి ఖర్చు తగ్గుతుంది. ఆఫ్‌సెట్‌లో పేజీలు తరచు 16 పేజీల ఫారాలుగా (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) లెక్కకు వస్తాయి. 130 పేజీలుంటే ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చవుతుంది, కాబట్టి 128కి కుదించండి. అలా మిగిలిన డబ్బు కుట్టు బైండింగ్‌కు పెడితే, ఆట మధ్యలో పుస్తకం తెరిచిన పేజీ దగ్గరే చక్కగా పరుచుకుని ఉంటుంది.