అక్టోబర్ 1 వచ్చేస్తోంది: బిహేవియరల్ హెల్త్ కోడర్లు చూసుకోవాల్సినవి

విశాఖలోని రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో కూర్చుని అమెరికా చార్టులు (పేషెంట్ల వైద్య రికార్డులు) చదివి బిల్లింగ్ కోసం కోడ్ చేసేవాళ్లకి, ముఖ్యంగా ఈమధ్యే మానసిక ఆరోగ్యం ప్రాజెక్టులోకి వచ్చినవాళ్లకి.

సైకోథెరపీ (మాటలతో చేసే మానసిక చికిత్స) ఎంతసేపు జరిగిందో డాక్టర్ నోట్‌లో లేకపోతే కోడ్ వేయకండి, క్వెరీ పెట్టండి, అంటే వివరణ అడగండి. 16–37 నిమిషాలకు బిల్లింగ్ కోడ్ 90832, 38–52కి 90834, 53 ఆపైన 90837. అపాయింట్‌మెంట్ గంట ఉందని 90837 వేస్తే ఆడిట్‌లో డబ్బు వెనక్కి కట్టాల్సి వస్తుంది. 2:05 నుంచి 2:56 అంటే 51 నిమిషాలే, కాబట్టి 90834. తెల్లవారుజామున నిద్రమత్తులో జారిపోయేది ఈ లెక్కే, కాగితం మీద వేసుకోండి.

అక్టోబర్ 1 నుంచి అమలయ్యే కొత్త ఐసీడీ కోడ్లకు (జబ్బుల కోడ్లు) సర్వీస్ తేదీ, అంటే పేషెంట్‌ని చూసిన తేదీ ముఖ్యం. సెప్టెంబర్ 30న చూసిన పేషెంట్ చార్టు అక్టోబర్ 5న మీ చేతికొచ్చినా పాత కోడ్లే. అడ్మిట్ అయినవాళ్లకైతే డిశ్చార్జి తేదీ చూడాలి.

డాక్టర్ ఉత్త 'డిప్రెషన్' అని రాస్తే ఐసీడీ కోడ్ ఎఫ్32.ఎ. అలవాటుగా ఎఫ్32.9 వేయొద్దు, అది మేజర్ డిప్రెషన్. డాక్టర్ చెప్పని జబ్బు ఒక మనిషి రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే తప్పు ఇదే.

అవుట్‌పేషెంట్‌లో 'ప్రాబబుల్' (కావచ్చు), 'రూల్ అవుట్' (కాదని తేల్చుకోవాలి) అని అనుమానంగా రాసిన జబ్బులు కోడ్ చేయకూడదు. రాసి ఉన్న లక్షణాలే కోడ్ చేయాలి.

ఒకే మత్తుపదార్థానికి అబ్యూజ్ (దుర్వినియోగం), డిపెండెన్స్ (బానిస కావడం) రెండూ రాసి ఉంటే డిపెండెన్స్ ఒక్కటే కోడ్ చేయాలి.

టెలిహెల్త్‌లో (ఆన్‌లైన్ వైద్యం) పేషెంట్ తన ఇంట్లో ఉంటే ప్లేస్ ఆఫ్ సర్వీస్ (సేవ ఎక్కడ అందిందో చెప్పే కోడ్) 10, వేరేచోట ఉంటే 02.

క్యాబ్‌లో చార్టుల కబుర్లు వద్దు. మత్తు చికిత్స రికార్డులకు అమెరికాలో విడిగా కఠినమైన గోప్యత చట్టం ఉంది.