డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్: థియేటర్‌కి వెళ్లేముందు ఏం చూడాలి, ఏ భాషలో చూడాలి, ఎక్కడ కూర్చోవాలి

డీమన్ స్లేయర్ రాక్షసులను వేటాడే కత్తి యోధుల కథ, జపాన్ యానిమేషన్ (యానిమే) టీవీ సిరీస్. దాని కొనసాగింపుగా తీస్తున్న మూడు సినిమాల వరుసలో ఇన్ఫినిటీ కాసిల్ మొదటిది. జపాన్‌లో 2025 జులై 18న, మన దగ్గర సెప్టెంబర్ 12న విడుదలైంది. జపనీస్‌తో పాటు తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లిష్ డబ్బింగుల్లోనూ వచ్చింది. నిడివి 155 నిమిషాలు. దీన్ని మళ్లీ థియేటర్లో వేసినా, తర్వాతి భాగానికి వెళ్లాలన్నా కింద చెప్పినవన్నీ పనికొస్తాయి.

ముందుగా ఒక మాట. ఇది విడిగా చూసే కథ కాదు. సిరీస్ చివర్లో యోధులందరూ ఇన్ఫినిటీ కాసిల్ అనే రాక్షసుల కోటలోకి పడిపోతారు, సినిమా కథ అక్కడి నుంచి నడుస్తుంది. ఎవరు ఎవరన్న పరిచయాలు ఉండవు. సిరీస్ ఏమీ చూడకుండా స్నేహితుల వెంట వెళ్తే ఫైట్లు కళ్లకు బాగానే ఉంటాయి గానీ, పక్కవాళ్లు ఎందుకు ఏడుస్తున్నారో అర్థం కాదు.

టీవీ సిరీస్ మొత్తం 63 ఎపిసోడ్లు: మొదటి సీజన్ 26, ముగెన్ ట్రైన్ 7, ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ 11, స్వోర్డ్‌స్మిత్ విలేజ్ 11, హషిరా ట్రైనింగ్ 8. రోజుకు మూడు చొప్పున చూస్తే సరిగ్గా మూడు వారాలు. ముగెన్ ట్రైన్ 7 ఎపిసోడ్లకు బదులు 2020లో వచ్చిన సినిమా చూసినా చాలు, రెండింటిలో ఉన్నది ఒకే కథ.

అంత తీరిక లేనివాళ్లు మొదటి సీజన్లో 1వ ఎపిసోడ్, ఆపై 15 నుంచి 26 వరకు, తర్వాత ముగెన్ ట్రైన్ సినిమా, చివరికి హషిరా ట్రైనింగ్ ఆఖరి రెండు ఎపిసోడ్లు చూడండి. ఈ సినిమాలో ముఖ్యమైన యోధులు గియూ, షినోబు ఎలాంటివాళ్లో ఆ మొదటి సీజన్ ఎపిసోడ్లలో తెలుస్తుంది. కోట తొలిసారి కనిపించేది కూడా 26లోనే. ముగెన్ ట్రైన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. అకాజా అనే రాక్షసుడి మీద హీరో తంజిరోకి అంత కసి ఎందుకో తెలియకపోతే ఈ సినిమాలో సగం బరువు పోయినట్టే.

ఇక భాష. సిరీస్ ఏ భాషలో చూశారో సినిమా కూడా అదే భాషలో చూడటం మంచిది. చెవికి అలవాటైన గొంతు మారితే మొదటి అరగంట ఆ తేడాతోనే గడిచిపోతుంది. జపనీస్ షోలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి. ఈ కథలో పాత్రలు కత్తి దూస్తూనే మనసులో మాట్లాడుకుంటాయి కాబట్టి, కొట్లాట మధ్యలో కూడా చదవాల్సింది చాలా ఉంటుంది. వేగంగా చదవలేని పిల్లల్ని, పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే తెలుగు షోనే బుక్ చేయండి. యాప్‌లో భాష, ఫార్మాట్ ఎంచుకునే చోట తొందరపడి నొక్కేసి వేరే భాష షోకి వెళ్లడం మామూలుగా జరిగే పొరపాటు. డబ్బులు కట్టేముందు టికెట్ వివరాల్లో భాష పేరు మరోసారి చూసుకోండి.

సీటు విషయంలో ఎక్కువమంది పప్పులో కాలేసేది సీట్ల మ్యాప్ దగ్గర. చాలా యాప్‌లలో తెర మ్యాప్‌కి అడుగున ఉంటుంది. అది గమనించక కింది వరుసే వెనకది అనుకుని బుక్ చేస్తే తెర ముందు మెడ ఎత్తుకుని కూర్చోవాల్సి వస్తుంది. పన్నెండు వరుసల హాల్లో తెర వైపు నుంచి ఎనిమిది, తొమ్మిది వరుసల మధ్య సీట్లు బాగుంటాయి. సబ్‌టైటిల్స్ షో అయితే ఇంకో వరుస వెనక్కి జరగండి, అప్పుడే బొమ్మ, అక్షరాలు ఒకే చూపులో పడతాయి. హైదరాబాద్ ప్రసాద్స్‌లోని పీసీఎక్స్, సూళ్లూరుపేటలోని ఎపిక్ లాంటి భారీ తెరల దగ్గర వీలైనంత వెనక వరుసలు తీసుకోండి. కోట గదులు తిరగబడుతూ కిందకి పడిపోయే సీన్లు ముందు వరుసల్లో కూర్చుని చూస్తే కళ్లు తిరుగుతాయి.

షో మొదలయ్యాక మొదటి ఐదు నిమిషాలు తెరను పరీక్షగా చూడండి. మన హాళ్ల తెరలు ఎక్కువగా స్కోప్ (బాగా వెడల్పాటి బొమ్మ) సినిమాలకు సరిపడా వెడల్పుగా ఉంటాయి. యానిమే సినిమాలు చాలావరకు అంత వెడల్పు ఉండవు కాబట్టి రెండు పక్కలా నల్లగా మిగలడం సహజం, లోపం కాదు. కానీ సబ్‌టైటిల్ అడుగు లైను తెగిపోతుంటే లెన్స్ సెట్టింగ్ తప్పినట్టే. ఫోకస్ చూడటానికీ సబ్‌టైటిల్సే పనికొస్తాయి: తెల్లటి అక్షరాల అంచులు పొగమంచు పట్టినట్టు కనిపిస్తే ఫోకస్ పోయింది. బొమ్మ మొత్తం మసకగా ఉంటే బల్బు పాతదై ఉండొచ్చు, లేదా అంతకుముందు త్రీడీ సినిమా వేసి ఆ ఫిల్టర్ తీయడం మరిచిపోయి ఉండొచ్చు. ఈ సినిమాలో కోటంతా చీకటి, ముదురు చెక్క రంగులే. వెలుగు తగ్గితే గీతలన్నీ కలిసిపోతాయి. వెంటనే బయటికెళ్లి సిబ్బందికి చెప్పండి. ఇంటర్వెల్ దాకా ఆగితే సగం సినిమా పోయినట్టే. కదలికలు అక్కడక్కడ కొంచెం గెంతినట్టు ఉంటే మాత్రం కంగారు పడొద్దు. సెకనుకు 24 ఫ్రేములు నడిచినా ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలపడం జపాన్ యానిమేషన్ పద్ధతి.

మెరుపుల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం రంగులు వేగంగా మారుతూ మెరవడంతో 685 మంది ఆసుపత్రి పాలయ్యారు, దాదాపు అందరూ పిల్లలే. గదిలో వెలుతురు ఉంచి, దూరంగా కూర్చుని చూడమని అక్కడి టీవీ యానిమేల మొదట్లో హెచ్చరిక వేసేది అందుకే. థియేటర్లో ఆ వెలుతురు ఎటూ ఉండదు. ఫిట్స్ ఉన్నవాళ్లు వెళ్లేముందు డాక్టర్ని అడగాలి. వెళ్లాక మెరుపులు ఇబ్బంది పెడితే రెండు కళ్లూ మూసుకోవడం సరిపోదు, వెలుగు రెప్పల్లోంచి దూరుతుంది. ఒక కన్నును అరచేత్తో పూర్తిగా కప్పి, తల పక్కకు తిప్పుకోవాలి.

అసలు సినిమాలో ఇంటర్వెల్ లేదు, మనవాళ్లే మధ్యలో ఆపుతారు. ఫైట్ నడుమ ఒక్కసారిగా లైట్లు వెలగొచ్చు. మళ్లీ మొదలయ్యేటప్పుడు లైట్లు ఆరకముందే సీట్లో ఉండండి. మొదటి రోజు తెల్లవారుజాము షోలో ఈలలు, కేకలు ఉంటాయి, ఆ సందడి కావాలంటే అప్పుడే వెళ్లాలి. డైలాగ్ ఒక్కటీ పోకూడదంటే సోమవారం తర్వాత మధ్యాహ్నం ఆట మేలు. తంజిరో ఆకుపచ్చ గళ్ల హవోరీ (జపాన్ పైకోటు) వేసుకుని వెళ్లండి, బాగుంటుంది. కత్తి మాత్రం, చెక్కదైనా సరే, ఇంట్లోనే పెట్టండి, గేటు దగ్గర తనిఖీలో ఆపేస్తారు.

స్టేటస్ కోసం తెరను ఫోన్లో తీయొద్దు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హాల్లో సినిమాను రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, కనీసం 3 లక్షల జరిమానా. చివర్లో పేర్లు పడేటప్పుడు వెంటనే లేవకండి. జుజుత్సు కైసెన్ 0 అనే మరో యానిమే సినిమాకి వెళ్లి అలా లేచిపోయినవాళ్లు పేర్ల తర్వాత వచ్చే సీన్ పోగొట్టుకున్నారు.