మౌస్ కొనేముందు చెయ్యి కొలుచుకోండి

విశాఖ మద్దిలపాలెంలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. నాలుగు బట్టల షాపులు, ఒక మందుల షాపు, ఇద్దరు కాంట్రాక్టర్ల లెక్కలు చూస్తాను. ప్రతి నెలా 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి. ఆ తేదీల ముందు రెండ్రోజులు కుర్చీ దిగను. అలాంటప్పుడు ఒక గడి మీద పెట్టిన కర్సర్ పక్క గడిలోకి గెంతితే ఎంత టెన్షనో ఈ పని చేసేవాళ్లకే తెలుసు. ఇప్పటికి ఐదు వైర్‌లెస్ మౌస్‌లు మార్చాను. అందులో మూడు నా తొందరపాటు వల్ల కొన్నవే.

మొదటిది ఫొటో చూసి ఆన్‌లైన్లో తెప్పించాను. పొడవు 12.5 సెంటీమీటర్లు. నా చెయ్యేమో మణికట్టు గీత నుంచి నడిమివేలి కొస దాకా 16.5. దాని మీద చెయ్యి వేస్తే గుమ్మడికాయ మీద వేసినట్టుండేది. చక్రం అందాలంటే చెయ్యి మొత్తం ముందుకు జరపాలి. సాయంత్రానికి మోచేతి దాకా లాగేది. కాబట్టి ముందు టేపు తీసి చెయ్యి కొలవండి. చేతి పొడవులో 60 శాతం దగ్గర్లో మౌస్ ఉంటే సరిపోతుందని నా లెక్క. నాకు పది సెంటీమీటర్లది కుదిరింది. అరచెయ్యి మొత్తం ఆనించే అలవాటున్నవాళ్లు కాస్త పెద్దది, వీపు ఎత్తుగా ఉన్నది చూసుకోవాలి. వేళ్ల కొసలతోనే కదిపేవాళ్లకు చిన్నది, తేలికైనది నయం.

రెండో సంగతి మా పనివాళ్లకే ప్రత్యేకం. లెక్కలవాళ్ల కుడిచెయ్యి ఎప్పుడూ కీబోర్డు కుడివైపు అంకెల మీదే ఉంటుంది. మౌస్ ఆ అంకెల అవతల ఉంటుంది. రోజంతా చెయ్యి అటూ ఇటూ చాస్తుంటే భుజం పట్టేసింది. చివరికి మౌస్‌ని ఎడమచేతికి మార్చేశాను. మొదటి వారం అన్నం ఎడమచేత్తో కలిపినంత ఇబ్బంది. రెండు వారాలకు అలవాటైపోయింది. ఇప్పుడు కుడిచేత్తో అంకెలు, ఎడమచేత్తో మౌస్, పని బేగి అవుతుంది. అయితే బొటనవేలికి గుంట పెట్టి కుడిచేతి వాటంగా చేసిన మౌస్‌లు దీనికి పనికిరావు. రెండువైపులా ఒకేలా ఉన్నదే కొనాలి. విండోస్ సెట్టింగ్స్‌లో కుడి, ఎడమ బటన్లను అటుదిటు మార్చుకోవచ్చు. నేను మార్చలేదు, ఇంట్లో పిల్లలు కూడా అదే సిస్టమ్ వాడతారు.

మన ఊరి గాలి సంగతీ చూసుకోవాలి. పక్కలకు మెత్తటి రబ్బరు పూత ఉన్న మౌస్ షాపులో పట్టుకుంటే ముద్దొస్తుంది. రెండు ఎండాకాలాలు గడిచాక చెమటకీ తేమకీ నాది బెల్లంపాకంలా జిగురు పట్టింది. ఎంత తుడిచినా వేళ్లకు అంటుకునేది. గరుకుగా ఉన్న మామూలు ప్లాస్టిక్ చాలు. పని లేని వారాల్లో బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. ఉప్పుగాలికి లోపలి స్ప్రింగులు పచ్చబడతాయి.

మౌస్ చేతిమాట ఎంత బాగా వింటుందంటారా, పెట్టె మీద 16,000 డీపీఐ అని వేస్తే మోసపోకండి. అది చెయ్యి ఇంచు కదిపితే కర్సర్ ఎంత దూరం పోతుందన్న లెక్క. నేను వాడేది 1,000. సెకనుకు 125 సార్లు కంప్యూటర్‌కి కబురు పంపే మౌస్ అంటే ప్రతి 8 మిల్లీసెకన్లకోసారి. ఎక్సెల్, టాలీ లాంటి లెక్కల ప్రోగ్రాములకు అది ధారాళం. 1,000 సార్లు పంపేవి ఆటలాడే పిల్లలకు, బ్యాటరీ కూడా తొందరగా తాగేస్తాయి.

మరి నా కర్సర్ ఎందుకు గెంతింది? మూడో మౌస్ పాడైందనుకుని నాలుగోది కొన్నాను. అదీ గెంతింది. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు వచ్చి సీపీయూ వెనక చూసి నవ్వాడు. "అక్కా, డాంగిల్ పక్కనే బ్యాకప్ హార్డ్‌డిస్క్ పెట్టావు" అన్నాడు. డాంగిల్ అంటే మౌస్ కబురు అందుకోడానికి సీపీయూకి గుచ్చే చిన్న ముక్క. ఆ హార్డ్‌డిస్క్ లాంటి యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. మౌస్ మాట్లాడేదీ ఆ తరంగాల మీదే. ఇంటెల్ 2012లోనే దీని గురించి ఒక పత్రం వేసింది. డాంగిల్ తీసి ముందువైపు పోర్టుకు మార్చగానే రెండు మౌస్‌లూ బుద్ధిగా నడిచాయి. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి టేబుల్ మీదికి తెచ్చుకుంటే ఇంకా మంచిది. బ్లూటూత్‌ది కొంటే డాంగిల్ గొడవ ఉండదు గానీ, ముందు మీ సిస్టమ్‌లో బ్లూటూత్ ఉందో లేదో చూసుకోండి. పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఉండదు.

అద్దం టేబుల్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. మౌస్ కిందనున్న కన్ను టేబుల్ పైభాగాన్ని గబగబా ఫొటోలు తీసి, తేడా చూసి కదలిక పసిగడుతుంది. నున్నటి అద్దం మీద దానికి కనిపించేదేమీ ఉండదు. లాజిటెక్ డార్క్‌ఫీల్డ్ సెన్సర్ లాంటివి 4 మిల్లీమీటర్లకు తగ్గని అద్దం మీద పనిచేస్తాయి గానీ ధర ఎక్కువ. నాకైతే బట్టల షాపువాళ్లిచ్చిన పాత క్యాలెండర్ అట్ట చాలు.

వీలైతే షాపుకే వెళ్లి కొనండి. ద్వారకానగర్‌లో నేను కొన్నచోట కుర్రాడు ముందు మొహం చిట్లించాడు, తర్వాత తనే నాలుగు పెట్టెలు విప్పాడు. కళ్లు మూసుకుని పట్టుకోండి. ఎక్కడా వేలు వెతుక్కోకూడదు. కంప్యూటర్‌లో పెయింట్ ప్రోగ్రామ్ తెరిచి మీ సంతకం గీయండి, గీత తెగితే పక్కన పెట్టేయండి. కాసేపు వదిలేసి మళ్లీ కదపండి, నిద్ర లేవడానికి తాత్సారం చేసేది వద్దు. చక్రం మెల్లగా తిప్పితే పేజీ వెనక్కి జారకూడదు. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు తెరుచుకుంటే అది లోపలి స్విచ్ జబ్బు. బ్యాటరీ వేసే చూడండి. ఒక డబుల్-ఏ ఆల్కలైన్ బ్యాటరీయే 23 గ్రాముల దాకా ఉంటుంది, అది వేశాకే అసలు బరువు తెలుస్తుంది. లిథియంది వేస్తే 15 గ్రాములే.

బిల్లు నున్నటి థర్మల్ కాగితం మీద ఇస్తారు. వారంటీ అవసరం పడేనాటికి దాని మీద అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. కౌంటర్ దగ్గరే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.