కొత్త డ్రైనేజీ పైపులు కప్పేసే ముందు జాగ్రత్తలు

మట్టి పోసి టైల్స్ వేసేశాక పైపు దగ్గరికి వెళ్లాలంటే పగలగొట్టడమే దారి. అందుకే కప్పే పని మొదలుకాకముందే ఇవి చూసుకోండి.

– నిలువు పైపు అడుగున, మలుపు తిరిగే చోట్ల మామూలు బెండ్ కాకుండా డోర్ బెండ్ (శుభ్రం చేయడానికి విప్పే మూత ఉన్న బెండ్) వేశారా? దాని మూత గోడవైపు తిరిగి ఉంటే, ఉన్నా లేనట్టే. మూత ముందు కనీసం 18 అంగుళాల ఖాళీ ఉండాలి. జామ్ తీసే పొడవాటి తీగ, అంటే క్లీనింగ్ స్ప్రింగ్, తిన్నగా లోపలికి పోవాలి కదా.

– మూతను ఒకసారి మీ చేత్తోనే విప్పి బిగించండి. సొల్యూషన్ పూసి అతికించేస్తే ఇక తెరుచుకోదు.

– పడుకోబెట్టిన పైపు వాలు ప్రతి అడుగు పొడవుకు పావు అంగుళం ఉంటే నిశ్చింత.

– పైపులో నీళ్లు నింపి, జాయింట్ల కింద పొడి కాగితం పెట్టండి. కాగితం తడిస్తే కప్పనివ్వొద్దు.

– గోడ నుంచి పైపు వరకు టేపు పట్టి, అంకెలు కనిపించేలా ఫొటోలు తీసుకోండి.

తర్వాతెప్పుడైనా పైపు జామ్ అయితే మూత ఒక్కసారిగా తీయొద్దు, వెనక నిలిచిన మురుగు ముఖాన కొడుతుంది. గ్లౌజులు వేసుకుని, పక్కకు నిలబడి, కొంచెం కొంచెంగా వదులు చేయండి. ముందే యాసిడ్ పోసి ఉంటే పనికి వచ్చినవాళ్లకు ఆ మాట తప్పకుండా చెప్పండి. లోతైన ఛాంబర్‌లోకి మాత్రం ఎవరినీ దించొద్దు. అందులో చేరే విషవాయువు ముందు ముక్కుకు వాసన తెలియకుండా చేసి, ఆపైన మనిషిని పడేస్తుంది.