ఎండాకాలంలో కారు రేసుకి వెళ్తున్నారా? ఏం వేసుకోవాలో ముందే చూసుకోండి

ఫార్ములా వన్ రేసు దూరం, ఒక్క మొనాకోలో తప్ప, 305 కిలోమీటర్ల పైచిలుకు. ఆటంకాలేవీ లేకపోతే గంటన్నరలో అయిపోతుంది. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి అంతే. ట్రాక్ దగ్గరికి వెళ్ళేవాళ్ళకి మాత్రం అది పది గంటల పని. పొద్దున్నే గేటు దగ్గర క్యూ, పార్కింగ్ నుంచి నడక, అసలు రేసు కంటే ముందు జరిగే చిన్న రేసులు, అంతా అయ్యాక జనంతో పాటు నత్తనడకన వెనక్కి. మీరు బట్టలు ఎంచుకోవాల్సింది ఈ పది గంటల కోసం.

ఈ సంగతి నాకు మొదటిసారి వెళ్ళినప్పుడు తెలీదు. నల్లటి టీమ్ టీషర్టు, నిక్కరు వేసుకెళ్ళాను. ఫొటోలు బాగానే వచ్చాయి. అల్యూమినియం బెంచీ మీద కూర్చోగానే తొడల వెనక చుర్రుమంది. లేచి నిలబడితే వెనకవాళ్ళు కూర్చోమని కేకలు. చేతిలో ఉన్న మ్యాపు కాగితం కింద వేసుకుని, దాని మీద అటూ ఇటూ జరుగుతూ కూర్చున్నాను. సాయంత్రానికి మెడ కమిలిపోయింది. రెండు రోజులు కాలర్ ఉన్న చొక్కా తొడుక్కోలేకపోయాను.

అందుకే నిక్కర్ల కంటే పల్చటి, వదులైన ఫుల్ ప్యాంటు మేలంటాను. బెంచీ మీద వేసుకోవడానికి మడతపెట్టిన తువ్వాలో చిన్న మెత్తో ఉంటే ఇంకా మంచిది. పైన వదులుగా ఉండే ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. స్లీవ్‌లెస్ చల్లగా ఉంటుందనుకుంటాం కానీ, నీడలేని గ్యాలరీలో భుజాలు మాడడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. పల్చటి తెల్ల కాటన్ టీషర్టు కూడా ఎండని మనం అనుకున్నంత ఆపదు, చెమటకి తడిస్తే మరీను. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. అవతలి వస్తువులు కనబడుతుంటే ఎండ కూడా అలాగే దూరుతుంది. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న బట్టయితే అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు మాత్రమే లోపలికి వస్తుంది. టీమ్ మీద అభిమానం చూపించుకోవాలంటే టోపీ మీద చూపించుకోండి.

టోపీ అంటే ముందు మాత్రమే అంచు ఉన్న క్యాప్ చాలదు, చెవులూ మెడా బయటే ఉంటాయి. చుట్టూ అంచున్న టోపీ మంచిదే కానీ, మరీ పెద్దదైతే వెనక కూర్చున్నవాళ్ళకి ట్రాక్ కనబడదు. గొడుగుల్ని గ్యాలరీల్లో వద్దనేది కూడా ఇందుకే. నేను మెడ మీదకి గుడ్డ వేలాడే క్యాప్ వాడతాను. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు, అయినా మెడ భద్రం. గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద తాడు ఉండేది చూసుకోండి. ఫెన్స్ దాటి పడితే ఆ టోపీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

కళ్ళద్దాలు ఎంత నల్లగా ఉన్నాయని కాదు, అతినీలలోహిత కిరణాల్ని ఆపుతాయని చెప్పే యూవీ400 గుర్తు ఉందా లేదా అని చూడండి. ఆ రక్షణ లేని నల్లద్దాలతో కంటిపాప పెద్దదై హానే ఎక్కువ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఓవల్ ట్రాకుల్లో ఫెన్స్‌కి దగ్గరగా కూర్చుంటే టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు ఎగిరొచ్చి ముఖానికి తగులుతుంటాయి, అప్పుడూ అద్దాలు అక్కరకొస్తాయి. సన్‌స్క్రీన్ ఇంట్లోనే రాసుకుని బయల్దేరి, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోండి. చెవుల పైభాగం, పాదాల పైభాగం అందరూ మర్చిపోతారు.

ఇక చెవులు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటల దాకా భరించవచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. రేసు కార్ల మోత దానికంటే ఎక్కువే ఉంటుంది. 2014లో హైబ్రిడ్ ఇంజన్లు వచ్చాక ఫార్ములా వన్ కార్ల గొంతు తగ్గింది కానీ, అదే రోజు అదే ట్రాక్ మీద నడిచే మిగతా కార్లకి ఆ మొహమాటం లేదు. తిన్నటి చిన్న ట్రాక్ మీద దూసుకెళ్ళే డ్రాగ్ రేసయితే శబ్దం ఛాతీలో తెలుస్తుంది, నైట్రోమీథేన్ అనే ఇంధనం పొగకి కళ్ళు మండి నీళ్ళు కారతాయి.

ఫోమ్ ఇయర్‌ప్లగ్స్‌ని చాలామంది చెవి అంచున ఊరికే ఇరికిస్తారు. అలా కాదు. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలు అలాగే ఆన్చి ఉంచాలి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతే మీకు బుర్రలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. చిన్నపిల్లలకి ఇవి సరిపోవు, చెవుల్ని మొత్తం కప్పే ఇయర్‌మఫ్స్ కావాలి. అయితే ఇయర్‌మఫ్ కింద టోపీ అంచో, కళ్ళద్దాల లావుపాటి కాడో ఉంటే సందులోంచి మోత దూరుతుంది. ఇంట్లోనే అన్నీ కలిపి ఒకసారి పెట్టి చూడండి.

కాళ్ళకి పాత షూస్, అలవాటైనవి. కొత్తవి వేసుకుని ట్రాక్ చుట్టూ తిరిగితే మధ్యాహ్నానికే బొబ్బలు. బెల్జియంలోని స్పా ట్రాక్ పొడవు 7 కిలోమీటర్లు, అదీ కొండవాలు మీద. అలాంటి చోట చెప్పులతో నడవడం కాళ్ళకి శిక్షే. రేసు మధ్యలో కార్లు ఆగి టైర్లు మార్చుకునే పిట్ లేన్‌లోకి వెళ్ళే పాస్ ఉంటే, వేళ్ళు కనిపించని షూస్, ఫుల్ ప్యాంటు లేకుండా చాలాచోట్ల లోపలికి రానివ్వరు. ఇంధనం, వేడి బ్రేకులు, పరిగెత్తే టైర్లు ఉండే చోటు అది. నియమాలు టికెట్‌తో పాటే చదువుకోండి.

ఎంత సరైన బట్టలైనా నీళ్ళకి బదులు కావు. తల తిరుగుతూ, వికారంగా ఉంటే వెంటనే నీడకి వెళ్ళి, బట్టలు వదులు చేసి, ఒళ్ళు తడుపుకుని, కొంచెం కొంచెంగా నీళ్ళు తాగండి. పక్కనున్న మనిషి మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బే అనుకుని మెడికల్ సిబ్బందిని పిలవాలి. వాళ్ళు వచ్చేలోపు ఒంటి మీద చల్లటి నీళ్ళు పోస్తూనే ఉండండి. స్పృహ లేని మనిషికి నోట్లో మాత్రం నీళ్ళు పోయకండి.

సంచీలో ఒక పల్చటి రెయిన్‌కోటు పెట్టుకోండి. స్పాలో ఒక మలుపు దగ్గర ఎండ కాస్తుంటే ఇంకో మలుపు దగ్గర వాన పడడం మామూలే. ఫ్రాన్స్‌లో జూన్‌లో జరిగే లే మాన్ లాంటి 24 గంటల రేసుకైతే స్వెట్టర్ కూడా కావాలి, తెల్లవారుజామున చలి వణికిస్తుంది. ఇంకో టీషర్టు, ఒక జత సాక్స్ ప్లాస్టిక్ కవర్లో వేసి కారులోనే ఉంచండి. సాయంత్రం పార్కింగ్‌లోంచి బయటపడడానికి గంట పట్టినా, పొడి సాక్స్‌తో కూర్చుంటే అంత విసుగు రాదు.