హెడ్‌లెస్ గిటార్ బ్రిడ్జితో తిప్పలు: ఏ లక్షణానికి ఏం కారణం, ఏం చెయ్యాలి

మల్కాజిగిరిలో మా బాల్కనీలోనే కూర్చుని మూడు హెడ్‌లెస్ ఎలక్ట్రిక్ గిటార్లు చేసిన. మొదటిది ఇప్పటికీ గోడకే వేలాడుతుంది, వాయించడానికి పనికి రాదు. దానికి బ్రిడ్జినే (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) తిట్టుకుంటూ ఉన్న చాలా రోజులు, కానీ తప్పు నాది. ముందు చెక్క కోసేసి, నెక్ పెట్టేసి, ఆఖర్న బ్రిడ్జి ఆర్డర్ పెట్టిన. బ్రిడ్జి చేతికొచ్చి వెర్నియర్‌తో కొలిచినాకనే బాడీ గీత గియ్యాలి. కింద రాసినవాటిలో సగం ఈ ఒక్క తప్పులోంచి పుట్టినవే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మామూలు గిటార్‌కి శ్రుతి బిరడాలు తల దగ్గరుంటయ్, హెడ్‌లెస్‌లో తీగని నట్ (నెక్ చివర తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ) దగ్గర స్క్రూతో బిగించేసి బ్రిడ్జి వైపు నుంచి లాగుతం. తీగ చివరుండే చిన్న గుండు, అంటే బాల్ ఎండ్, ఒక చిన్న బండిలో కూర్చుంటది, వెనక నాబ్ తిప్పితే బండి వెనక్కి జరుగుతది, తీగ బిగుస్తది. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ బేస్ గిటార్‌తో ఈ పద్ధతి జనంలోకి వచ్చింది. ఆయన పద్ధతికి రెండు చివర్లా బాల్ ఉన్న తీగలు కావాలి. నేను తిరిగిన షాపుల్లో ఆ సెట్ ఎక్కడా కనబడలేదు, అందుకే మామూలు తీగ పట్టే హెడ్‌పీస్ (నట్ దగ్గర తీగని బిగించే ముక్క) ఉన్నదే తీస్కోండి.

నాబ్ చివరిదాకా తిప్పినా తీగ శ్రుతికి రావట్లేదు

అందరూ ముందు పడేది ఇక్కడే. బండి జరిగే దూరం చాలా తక్కువ, ఒక సెంటీమీటరు అటూ ఇటూ. 25.5 ఇంచుల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడుగు) మీద 10 నంబర్ (0.010 ఇంచు మందం) సన్న ఇ తీగ వదులు నుంచి శ్రుతికి రావాలంటే సాగడానికే 4, 5 మి.మీ. పోతది. దాని పైన మీరు తీగని కొంచెం వదులుగా బిగించి ఉంటే ఆ వదులు తియ్యడానికి మిగతాదంతా ఖర్చయిపోతది, నాబ్ ఆగిపోతది, తీగేమో ఇంకా డి దగ్గరే ఉంటది.

పరిష్కారం బిగించే వరసలోనే ఉంది. నాబ్ పూర్తిగా వదులు చేసి బండిని నెక్ వైపు చివరిదాకా తెచ్చుకోండి, బాల్ పెట్టండి, హెడ్‌పీస్ అవతల మిగిలిన తోకని ప్లయర్‌తో పట్టి గట్టిగా లాగి, లాగి పట్టుకునే ఆలెన్ కీ తిప్పండి. ఒంటి చేత్తో కాదు, ఇంట్లో ఎవరినైనా పిలవండి, మా చెల్లి ఈ పనికే గిటార్ పార్ట్‌నర్ అయింది. శ్రుతికి వచ్చినాక బండి సగం దాటి ఉంటే మళ్ళీ విప్పి బిగించాలి, ఎందుకంటే కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటది. తోక కత్తిరించేది అన్నిటికన్నా ఆఖర్న. బిగించకముందే కత్తిరిస్తే చుట్టు తీగల పైచుట్టు వదులై తీగ మూగబోతది.

బిగించినా జారుతుందంటే హెడ్‌పీస్‌లో గ్రబ్ స్క్రూ (తీగని నొక్కే తలలేని స్క్రూ) మొన చూడండి. మొన సూదిగా ఉంటే సన్న తీగని కోసేస్తది, చదునుగా ఉన్నది వేస్తే పట్టు దొరుకుతది.

12వ ఫ్రెట్ దగ్గర అపశ్రుతి, సాడిల్ చివరికొచ్చేసింది

ఖాళీ తీగ శ్రుతిలో ఉంది, 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర నొక్కితే ట్యూనర్ ఎక్కువ చూపిస్తే సాడిల్ (బ్రిడ్జిలో తీగ ఆనే చిన్న ముక్క) వెనక్కి పోవాలి, తక్కువ చూపిస్తే నెక్ వైపు రావాలి. ఇదంతా అందరికీ తెలిసిందే. సమస్య ఏంటంటే వెనక్కి జరపడానికి చోటే లేకపోవడం.

ముందు పాత తీగలు మార్చి చూడండి, తుప్పు పట్టిన తీగతో ఇంటొనేషన్ (ఫ్రెట్ల దగ్గర శ్రుతి సరిపోవడం) కొలవడం దండగ. తర్వాత మొదటి రెండు ఫ్రెట్ల దగ్గర కూడా ఎక్కువ పలుకుతుందా చూడండి, పలుకుతుంటే బ్రిడ్జి నిర్దోషి, నట్ గాడి ఎత్తుగా ఉంది. రెండూ కాకపోతే బ్రిడ్జి బిగించిన చోటే తప్పు.

నా మొదటి గిటార్ కథ ఇదే. 25.5 ఇంచులంటే 647.7 మి.మీ. కదా, నట్ నుంచి అంత కొలిచి అక్కడ బ్రిడ్జి స్క్రూ రంధ్రాలు వేసిన. కొలవాల్సింది స్క్రూల దాకా కాదు, తీగ ఆనే సాడిల్ అంచు దాకా. పైగా ప్రతి తీగకీ స్కేల్ కన్నా కాస్త ఎక్కువ పొడుగు కావాలి, సన్న ఇ కి ఒకటి రెండు మి.మీ., లావు ఇ కి నాలుగు ఐదు దాకా. కాబట్టి బిగించేటప్పుడు సన్న ఇ సాడిల్‌ని దాదాపు పూర్తిగా ముందుకి తెచ్చి, ఆ అంచు సరిగ్గా స్కేల్ గీత మీద ఉండేలా పెట్టాలి, ఇంకో ఒక్క మి.మీ. ముందుకి పోయే చోటు ఉంచుకుంటే చాలు. మిగతా జరుగుడంతా వెనక్కే కావాలి. గీత మీద నమ్మకం లేకపోతే నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చెయ్యండి, అదే మీ నిజమైన స్కేల్.

రంధ్రాలు ఆల్రెడీ వేసేసి ఉంటే టేకు పుల్లకి ఫెవికాల్ రాసి రంధ్రంలో దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, కొత్త చోట డ్రిల్ చెయ్యండి. కొత్త రంధ్రం పాతదాని అంచు మీద పడితే డ్రిల్ పక్కకి జారుతది, కాబట్టి ఏదో రకంగా రెండిటి మధ్య కనీసం సగం స్క్రూ మందమంత చోటు చూస్కోండి. విడివిడి బ్రిడ్జిలు, అంటే తీగకొకటి ఉండే రకం, ఇక్కడ కాపాడతయ్, ఎందుకంటే తప్పిన ఒక్కదాన్నే జరిపితే అయిపోతది. ఫ్రెట్లు ఏటవాలుగా ఉండే మల్టీస్కేల్ గిటార్‌కి కూడా విడివిడివే సులువు. మామూలు నిటారు ఫ్రెట్ల మొదటి గిటార్‌కి మాత్రం నేనైతే ఒకటే పలక మీదున్న ఆరు తీగల బ్రిడ్జే చెప్తా, ఆరు ముక్కల్ని ఒక వరసలో నిలబెట్టడం మనం అనుకున్నంత తేలిక కాదు.

తీగలు మరీ ఎత్తు, లేదా సాడిల్ ఎంత దించినా దిగట్లేదు

ఇది కొనేముందే లెక్కేస్కోవాల్సింది. ఫ్రెట్ల మీద ఒక నిటారు స్కేలు పెట్టి బ్రిడ్జి దాకా చాపండి, బాడీ నుంచి ఆ స్కేలు దాకా ఎత్తు ఎంతో రాస్కోండి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ 1.6 మి.మీ. ఎత్తు కావాలంటే సాడిల్ దగ్గర దానికి రెట్టింపు, అంటే సుమారు 3.2 కావాలి, ఎందుకంటే 12వ ఫ్రెట్ సరిగ్గా దారి మధ్యలో ఉంటది. స్కేలు ఎత్తు 9 వస్తే సాడిల్ పైభాగం 12 చిల్లర దగ్గర నిలబడాలి. అమ్మేవాళ్ళ డ్రాయింగ్‌లో సాడిల్ కనిష్ఠ ఎత్తు, గరిష్ఠ ఎత్తు ఉంటయ్, మీ అంకె వాటి మధ్యలో రాకపోతే ఎంత మంచి బ్రిడ్జి అయినా వద్దు.

చేతిలో ఉన్నదే పెట్టాలంటే, బ్రిడ్జి మరీ ఎత్తైతే బాడీలో ఒకటి రెండు మి.మీ. గుంట చేసి దించండి, లేదంటే నెక్ కింద పలచని చెక్క ముక్క పెట్టి నెక్ పైకి తెండి. మరీ కిందుంటే బ్రిడ్జి కింద ఇత్తడి పలక. ఏది చేసినా ముందు ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) చూస్కోండి, మే నెల ఎండలో నిటారుగా పెట్టిన నెక్ ఆగస్టు తేమకి మారొచ్చు, అది తెలియక బ్రిడ్జిని గెలికితే మళ్ళీ వేసవిలో మొదటికే వస్తం.

అంచు తీగ ఫ్రెట్‌బోర్డ్ మీంచి జారిపోతుంది

బ్రిడ్జి వెడల్పు ఎక్కువైంది. నట్ దగ్గర చివరి తీగల మధ్య 35.5, బ్రిడ్జి దగ్గర 52 అయితే 24వ ఫ్రెట్ దగ్గర సుమారు 48 వస్తది, రెండు వైపులా మూడేసి మి.మీ. వదిలితే అక్కడ బోర్డు 54 ఉండాలి. ఈ కూడిక తీసివేత చెయ్యకుండా వచ్చిన వెడల్పుకి బోర్డు కోస్తే ఇంక దిద్దుబాటు లేదు, బ్రిడ్జి మార్చుడే.

ఒక తీగ ముట్టుకుంటే హమ్ ఆగుతుంది, ఇంకోటి ముట్టుకుంటే ఆగట్లేదు

విడివిడి బ్రిడ్జిల వాళ్ళకి వచ్చే రోగం. నలుపు రంగు అల్యూమినియం బ్రిడ్జిలు చాలావరకు ఆనోడైజ్ చేసినవి, ఆ పొర కరెంట్ పోనివ్వదు. ఎర్త్ వైర్ ఒక్కదాని కిందే పెడితే మిగతా ఐదూ అనాథలు. కింద కాపర్ టేప్ పట్టీ ఆరింటికీ తగిలేలా వెయ్యండి, బ్రిడ్జి అడుగున రూపాయి బిళ్ళలో సగమంత చోట గరుకు కాగితంతో రుద్ది లోహం బయటపెట్టండి. ప్రతి సాడిల్ నుంచి జాక్ (కేబుల్ దూర్చే చోటు) ఎర్త్ దాకా మల్టీమీటర్ బీప్ రావాలి. ఆంప్ ఆన్ చెయ్యకముందే ఇది చూస్కుంటే చాలా తిట్లు మిగుల్తయ్.

సాడిల్ గలగలమంటుంది

ఎత్తు స్క్రూ వదులు. నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క, అంతే.

నాబ్ తిప్పితే వేళ్ళు నొప్పి, ఒక్కోసారి తిరగనే తిరగట్లేదు

10-46 సెట్ ఆరు తీగల లాగుడు మొత్తం కలిపి సుమారు 45 కిలోలు. అంటే ప్రతి నాబ్ ఏడెనిమిది కిలోల బరువు లాగుతూ తిరగాలి. నాబ్ అంచు నేరుగా లోహం మీద రాస్తుంటే బిగుసుకుపోతది, పోత పోసిన జింక్ అయితే థ్రెడ్ (మర చుట్లు) కూడా త్వరగా అరుగుతది. ఖరీదు బ్రిడ్జిల్లో నాబ్ వెనక చిన్న బేరింగ్ ఉంటది, ఎక్కువ డబ్బు పెట్టడానికి నాకు కనబడే న్యాయమైన కారణం అదే, రంగూ మెరుపూ కాదు.

తీగ వదులు చేసి థ్రెడ్‌కి కొంచెం లిథియం గ్రీజు రాయండి, నాబ్‌కీ బండికీ మధ్య టెఫ్లాన్ వాషర్ పెట్టండి, సగం నొప్పి పోతది. నా రెండో గిటార్‌లో ఒక నాబ్ అప్పటికే అరిగిపోయింది, బాలానగర్‌లో లేత్ అన్న దగ్గరికి తీస్కపోతే ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏం మిషన్ పార్ట్ సార్ ఇది, చూడీ మొత్తం పోయింది" అన్నడు, చూడీ అంటే థ్రెడ్. గిటార్‌ది అన్నా అంటే నవ్వి, మధ్యాహ్నానికల్లా ఇత్తడిలో కొత్తది తిప్పి ఇచ్చిండు. థ్రెడ్ మాత్రం నమూనా చూసి కొలిపించండి, ఎం4 అయితే చుట్టుకి 0.7, ఎం5 అయితే 0.8 మి.మీ., కళ్ళతో చూస్తే రెండూ ఒకేలా ఉంటయ్. ఆ ఇత్తడి నాబ్ మిగతా ఐదిటి కంటే మెత్తగా తిరుగుతుందని ఇప్పుడు ఆ ఐదూ కూడా చేయించుకోవాలనిపిస్తుంది, పోయిన శనివారం రెండు తీస్కపోయి ఇచ్చొచ్చిన.